నో రైస్, నో కార్న్‌ఫ్లోర్: మా ఏఎస్ రావు నగర్ చైనీస్ రెస్టారెంట్

ముందే చెప్పేస్తున్నాను. హైదరాబాద్ ఏఎస్ రావు నగర్ మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో ఉండే ఈ చైనీస్ రెస్టారెంట్‌లో మెనూ కార్డు మీద వేలు పెట్టి ఆర్డరిస్తే లో-కార్బ్ వాళ్లకి, అంటే పిండిపదార్థాలు (కార్బ్స్) తగ్గించి తినేవాళ్లకి, తినడానికి దాదాపు ఏమీ దొరకదు. ఆర్డరు రాసుకునే కెప్టెన్‌ని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడితే మాత్రం కడుపు నిండా తిని రావచ్చు. హోటల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని చివాట్లు కూడా ఉన్నాయి. పైగా మన ఊళ్లలో చైనీస్ మెనూ ఎక్కడైనా ఇంచుమించు ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పినవి మీ వీధి చివర హోటల్‌కీ చాలావరకు సరిపోతాయి.

నా సంగతి కొంచెం. షుగర్ ఉంది, ప్రస్తుతం మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటున్నాను. అన్నం, ఇడ్లీ, చపాతీ బాగా తగ్గించి కూరలు, గుడ్లు, చికెన్, పెరుగు మీద బండి లాగిస్తున్నాను. వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె డైట్ జోరుగా సాగిన 2018 ప్రాంతంలో మా స్టాఫ్ రూమ్ అంతా కొబ్బరినూనె వాసనే. నేను అంత కఠినం కాదు, పూటకి పిండిపదార్థం 25, 30 గ్రాములు దాటకుండా చూసుకుంటాను, అంతే. స్కూల్లో అకౌంట్స్ చూసే ఉద్యోగం కాబట్టి లెక్క రాసుకోవడం నాకు కష్టం కాదు. ఇంట్లో మిగతా ముగ్గురికీ మాత్రం బయట తిండి అంటే చైనీసే. వాళ్లు తింటుంటే నేను సాల్ట్ సోడా తాగుతూ కూర్చునే రకం కాదు.

ఫ్రైడ్ రైస్, నూడుల్స్ మానేస్తే చాలు, మిగతాదంతా చికెనూ కూరగాయలే కదా అని చాలామంది అనుకుంటారు. మా ఆయన ఇప్పటికీ అదే వాదన. రైస్ సంగతి నిజమే. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, ఇక్కడి ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ ఇద్దరు తిన్నా మిగులుతుంది. కానీ అది కంటికి కనిపిస్తుంది కాబట్టి వదిలేయడం తేలిక. కనిపించకుండా లోపలికి పోయేది కార్న్‌ఫ్లోర్.

ఈ హోటల్ వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, వంటగదికి అద్దం పెట్టారు. చేతులు కడుక్కునే చోట నిలబడితే లోపల పొయ్యిలు కనిపిస్తాయి. మాస్టర్ పక్కన స్టీలు గిన్నెలు వరుసగా ఉంటాయి: ఉప్పు, పంచదార, అజినమోటో, మిరియాల పొడి, సోయా, వెనిగర్, చిల్లీ సాస్. వాటి చివర ఒక పెద్ద గిన్నెలో తెల్లటి నీళ్లు, అడుగున పిండి పేరుకుని ఉంటుంది. కడాయిలో రసం మరుగుతుండగా ఆయన గరిటె అంచుతో ఆ అడుగును గీరి, కలిపి, ఒక గరిటెడు తీసి తిప్పుతూ పోస్తాడు. అప్పటిదాకా పలచగా, బురద రంగులో ఉన్న రసం మూడు నాలుగు సెకన్లలో చిక్కబడి తళతళ మెరుస్తుంది. ముక్కలకి పట్టుకుంటుంది. మనం లొట్టలేసుకునే చైనీస్ గ్రేవీ అంటే ఆ మెరుపే. కార్న్‌ఫ్లోర్ 100 గ్రాముల్లో 90 గ్రాములు స్టార్చే, ఒక్క టేబుల్‌స్పూన్‌లో ఏడు గ్రాముల దాకా కార్బ్స్.

గ్రేవీలో పోసేది ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. చిల్లీ చికెన్‌లో ఈ పిండి మూడుసార్లు పడుతుంది. పొద్దున్నే చికెన్ ముక్కలకి గుడ్డు, కార్న్‌ఫ్లోర్ పట్టించి ఫ్రిజ్‌లో పెడతారు, ముక్క మెత్తగా రావడానికి. నూనెలో వేసే ముందు మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపిన పూత మళ్లీ వేస్తారు. చివర్లో ఈ తెల్లనీళ్లు. డ్రై అని ఆర్డరిస్తే మూడోది కాస్త తగ్గుతుంది, మొదటి రెండూ అలాగే ఉంటాయి. 'డ్రై కదా, గ్రేవీ లేదు కదా' అనే ధైర్యం అందుకే పనికిరాదు.

పరీక్ష చేద్దామనే ఒకసారి రైస్ ముట్టకుండా మంచౌ సూపు, చిల్లీ చికెన్ డ్రై, గోబీ మంచూరియా మాత్రం తిన్నాను. షుగర్ తినకముందు 108. రెండు గంటలకి 171. "చూశావా, 180 లోపే ఉంది, అనవసరంగా టెన్షన్ పడతావు" అన్నారు మా ఆయన. మూడున్నర గంటలకి మళ్లీ చూస్తే 204. నూనెలో వేగిన పిండి ఇలాగే చేస్తుంది. కొవ్వు వల్ల అరుగుదల నెమ్మదిస్తుంది, కాబట్టి షుగర్ ఆలస్యంగా ఎక్కి ఆలస్యంగా దిగుతుంది. రెండు గంటల రీడింగ్ చూసి మురిసిపోయే వాళ్లు ఇలాంటి భోజనం తర్వాత ఇంకోసారి కూడా చూసుకోండి.

ఇప్పుడు మెనూ. సూపుల పేజీలో నాకు మిగిలేవి రెండే, క్లియర్ సూప్, లెమన్ కొరియాండర్. హాట్ అండ్ సోర్, మంచౌ, స్వీట్ కార్న్ మూడూ తెల్లనీళ్లతో చిక్కబడ్డవే. మంచౌ మీద వేయించిన నూడుల్స్ అదనం, స్వీట్ కార్న్‌లో మొక్కజొన్న గింజలు కూడా అదనం. చిక్కటి సూపు తాగుతూ తాగుతూ ఉంటే గిన్నె అడుగుకి వచ్చేసరికి నీళ్లలా పలచబడటం ఎప్పుడైనా గమనించారా? నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ మళ్లీ ముంచుతాం కదా, ఉమ్మిలోని ఎంజైము ఆ స్టార్చిని గిన్నెలోనే విరగ్గొట్టేస్తుంది. చక్కెరగా మారే పని టేబుల్ మీదే మొదలైపోతుందన్నమాట. ఇక్కడి లెమన్ కొరియాండర్ చికెన్ సూపు మాత్రం నిజంగా బాగుంటుంది. చికెన్ ఉడికించిన నీళ్లే ఆధారం, కొత్తిమీర కాడలతో సహా సన్నగా తరిగి వేస్తారు, నిమ్మరసం చివర్లో పిండుతారు. జలుబు చేసినప్పుడు ఇది ఒక్కటే తాగడానికి కూడా వెళ్లొచ్చు.

స్టార్టర్స్ పేజీ మొత్తం నాకు మూసేసిన దారే. చికెన్ 65, మెజెస్టిక్, అపోలో ఫిష్, ఇవి చైనీస్ అని చైనా వాళ్లకి చెబితే నవ్వుతారు, అయినా మన దగ్గర ఈ పేజీలోనే ఉంటాయి, అన్నిటికీ పిండి పూతే. డ్రాగన్ చికెన్‌లో పూతతో పాటు కెచప్, పంచదార. హనీ చిల్లీ పొటాటో గురించి మాట్లాడక్కర్లేదు. మంచూరియా పుట్టిందే మన దేశంలో. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి వేయించి గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి పెట్టాడని చెబుతారు. అంటే కార్న్‌ఫ్లోర్ దాని పుట్టుకలోనే ఉంది, అది తీసేయమంటే వంటవాడు బిత్తరపోవడంలో ఆశ్చర్యం లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది గోబీ మంచూరియానే. కాలీఫ్లవర్ అసలు మాకు దేవుడిచ్చిన కూర, దాన్ని తీసుకెళ్లి మైదాలో ముంచుతారు.

ఇక నేను ఏం తింటాను? ముందు, ఎలా అడుగుతాను అనేది చెప్పాలి, ఎందుకంటే సగం పని అక్కడే ఉంది. 'లో-కార్బ్' అంటే కెప్టెన్‌కి అర్థం కాదు, అర్థమైనట్టు తల ఊపుతాడు. 'డైట్' అన్నారనుకోండి, నూనె, కారం తగ్గించి ఉడకేసిన క్యారెట్ ముక్కలు తెచ్చి పెడతారు. 'షుగర్ ఉంది బాబూ' అంటే పంచదార ఒక్కటి మానేసి మిగతాదంతా మామూలుగా చేస్తారు. వంటింట్లో ఉన్న ఇద్దరు మాస్టర్లూ డార్జిలింగ్ వైపు నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకి వెళ్లాల్సిన మాట హిందీలో పొట్టిగా ఉండాలి. "మైదా నహీ, కార్న్‌ఫ్లోర్ నహీ, చీనీ నహీ. తేల్, మిర్చీ చలేగా." ఈ ముక్క కెప్టెన్ చేత ఆర్డరు చీటీ మీద రాయిస్తాను. చివరి మాట ముఖ్యం. నూనె, కారం ఉండొచ్చని చెప్పకపోతే పథ్యం కూడు వస్తుంది.

నాకు బాగా పనికొచ్చిన కిటుకు సూపు చికెన్. పూత వేసిన చికెన్ పొద్దున్నే సిద్ధమైపోయి ఉంటుంది, దాని మీద పిండి కడిగేయమని ఎవరినీ అడగలేం. కానీ సూపుల కోసం చాలా చైనీస్ వంటిళ్లలో ఉడికించి చీల్చి పెట్టిన చికెన్ విడిగా ఉంటుంది, దానికి ఏ పిండీ ఉండదు. "చిల్లీ చికెన్ చేయండి, కానీ సూపు చికెన్‌తో" అంటే చాలు. ఉల్లిపాయ, క్యాప్సికం, పచ్చిమిర్చి, వెల్లుల్లి పెద్ద మంట మీద వేయించి, ఈ చికెన్ వేసి, సోయా, వెనిగర్ చల్లి దించేస్తారు. పోపు మాడే అంచున ఉన్న వాసన వస్తుంది. కరకరలాడదు, ముక్క కొంచెం పీచుగా ఉంటుంది, ఆ లోటు ఒప్పుకోవాల్సిందే. నాకైతే మెత్తటి పిండి పూత కంటే ఇదే ఇష్టమైపోయింది. మా అమ్మాయి కూడా నా ప్లేట్లోంచి తీసుకుంటుంది.

రెండోది, రైస్ లేని ఫ్రైడ్ రైస్. మొదట్లో కెప్టెన్ నన్ను పైనుంచి కిందకి చూశాడు. సన్నగా తరిగిన క్యాబేజీ అక్కడ బేసిన్ల కొద్దీ ఉంటుంది, నూడుల్స్‌లో వేయడానికి. అన్నం బదులు అదే వేసి, రెండు గుడ్లు కొట్టి, చికెన్, బీన్స్, ఉల్లికాడలు, మిరియాల పొడి, సోయాతో అదే కడాయిలో అదే మంట మీద తిప్పమంటాను. మంట పెద్దదిగా ఉండి, క్యాబేజీ నీళ్లు వదలకముందే దించితే బ్రహ్మాండంగా ఉంటుంది. కాస్త ఆలస్యమైతే నీరు ఊరి చప్పబడుతుంది. ప్లేటు మొత్తం తిన్నా కార్బ్స్ పది, పన్నెండు గ్రాములకి మించవు. ఇది, పైన చెప్పిన చికెన్, క్లియర్ సూపు తిన్న రోజు రీడింగులు చూడండి: తినకముందు 112, రెండు గంటలకి 129, మూడున్నర గంటలకి 124.

బిల్లు మాత్రం దాచుకోదగ్గది. 'చికెన్ ఫ్రైడ్ రైస్ 1, రూ. 260. నో రైస్ 1, రూ. 0.' అన్నం లేదు కదా, రేటేమైనా తగ్గిస్తారా అని అడిగాను. "క్యాబేజీ తరగడానికి కూడా మనిషే కావాలి కదా మేడమ్" అన్నాడు కెప్టెన్. సమాధానం నచ్చింది, డబ్బు కట్టేశాను.

చేప విషయంలో ఈ హోటల్‌కి మంచి మార్కులు వేస్తాను. స్టీమ్డ్ ఫిష్ విత్ జింజర్ అని మెనూలో చివరి పేజీలో ఒక మూల ఉంటుంది, ఎవరూ ఆర్డరివ్వరు. చైనాలో క్యాంటన్ వైపు వండే పద్ధతి ఇది. చేపను ఆవిరి మీద ఉడికించి, పైన అల్లం, ఉల్లికాడలు దారాల్లా తరిగి పరిచి, సోయా పోసి, ఆఖరున పొగలు కక్కే నూనె ఒక గరిటెడు పైనుంచి పోస్తారు. చుయ్‌మంటూ అల్లం వాసన టేబుల్ దాకా వస్తుంది. ఇక్కడ మామూలుగా బాసా ముక్కలతో చేసి, పైన చిక్కటి సాస్ పోస్తారు. సాస్ వద్దు, సోయా, వేడినూనె చాలు అని చెప్పాలి. పండుగప్ప ఉన్న రోజు ఇంకో 150 రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. బాసాకి సొంత రుచంటూ ఏమీ లేదు, ఏ సాస్ పోస్తే ఆ రుచి.

శాకాహారులకి కొంచెం కష్టమే. మా తోటికోడలు మాంసం ముట్టదు, ఆవిడ వచ్చినప్పుడు బ్రొకోలీ, మష్రూమ్, బేబీకార్న్, పాక్‌చోయ్ అనే చైనా ఆకుకూర కలిపి వెల్లుల్లితో వేయించమంటాం. 'గార్లిక్ సాస్‌లో' అని ఉన్నదాన్ని 'గార్లిక్‌తో, సాస్ లేకుండా' అని మార్చుకోవాలి. పనీర్ చిల్లీకి పూత అవసరమే లేదు, పచ్చి పనీరు ముక్కలే పెనం మీద ఎర్రగా కాల్చి చేయొచ్చు. అడిగితే చేస్తారు. టోఫు దొరుకుతుందని మెనూలో ఉంది, ఎప్పుడడిగినా అయిపోయిందంటారు.

టేబుల్ మీద పెట్టే వాటిలో పచ్చిమిర్చి వెనిగర్ నాకు పెద్ద అండ. కార్బ్స్ లెక్కకి అందనంత తక్కువ, చప్పటి ముక్కకి కూడా ప్రాణం పోస్తుంది. సోయా ఫర్వాలేదు. కెచప్‌లో ఒక టేబుల్‌స్పూన్‌కి ఒక టీస్పూను పంచదార ఉన్నట్టే. ఎర్ర చిల్లీ సాస్‌లో కూడా తీపి ఉంటుంది, సీసా వెనక చదవండి. షెజ్వాన్ చట్నీ ఒక చెంచా వరకు నేను వేసుకుంటాను, అందులో ఎక్కువ భాగం నూనె, ఎండుమిర్చి, వెల్లుల్లి.

అజినమోటో గురించి అడిగేవాళ్లు ఉంటారు. జపాన్‌లో 1908లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు నుంచి తీసిన రుచి అది, బ్లడ్ షుగర్‌కీ దానికీ సంబంధం లేదు. నేను భయపడేది ఉప్పుకి. ఒక టేబుల్‌స్పూన్ సోయాలోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు సోయా సగం వేయమని చెప్పడం మంచిది. మర్నాడు పొద్దున్న బరువు కిలో పెరిగిందని గాభరా పడకండి, ఆ ఉప్పు పట్టి ఉంచిన నీళ్లే అది.

ఇంకో సంగతి, ఇది మా డాక్టరు గారు నాకు చెప్పింది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు కార్బ్స్ ఒక్కసారిగా తగ్గించి అదే డోసు వేసుకుంటే షుగర్ బాగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలకి కూడా లో-కార్బ్‌తో వేరే ఇబ్బంది ఉంది, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రమాదం కావచ్చు. డోసు మాట్లాడుకున్నాకే ఇలాంటి తిండి మొదలుపెట్టండి.

ఇప్పుడు చివాట్లు. ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత ఇక్కడ పైన చెప్పినవేవీ నడవవు. నాలుగు పొయ్యిల మీద ఒకేసారి ఎనిమిది ఆర్డర్లు తిరుగుతుంటాయి, మాస్టర్ చెయ్యి అలవాటుగా తెల్లనీళ్ల గిన్నెలోకే పోతుంది. ఒక ఆదివారం 'నో కార్న్‌ఫ్లోర్' అని చీటీ మీద రాయించినా కూర మెరుస్తూ వచ్చింది. కెప్టెన్ "లేదు మేడమ్, ఓన్లీ సోయా సాస్" అన్నాడు. వాదించలేదు. ఒక చెంచా గ్రేవీ ఖాళీ ప్లేటు మీద వేసి పక్కన పెట్టాను. చల్లారాక ప్లేటు వంచితే సోయా నీళ్లు జారిపోవాలి. ఇది జారలేదు, ఉన్నచోటే జెల్లీ ముక్క మాదిరి వణికింది. పిలిచి చూపించాను. ఏమీ మాట్లాడకుండా ప్లేటు తీసుకెళ్లాడు, ఇరవై నిమిషాలకి కొత్తది తెచ్చాడు, అప్పటికి మా వాళ్ల భోజనం అయిపోయింది. తప్పు సరిదిద్దినందుకు మెచ్చుకుంటాను, ముందు అబద్ధం ఆడినందుకు కాదు. అలర్జీ ఉన్నవాళ్లకి కూడా ఇదే సమాధానం చెబుతారా అన్నది నాకు ఇంకా ఉన్న అనుమానం.

మామూలు రోజుల్లో ఏడింటికల్లా వెళ్తే సీన్ వేరు. మాస్టర్ అద్దం వెనకనుంచే నన్ను చూసి క్యాబేజీ బేసిన్ చూపించి తల ఊపుతాడు. నలుగురికీ కలిపి, పిల్లల అమెరికన్ చాప్సీ, మా ఆయన షెజ్వాన్ ఫ్రైడ్ రైస్‌తో సహా, 1,500 లోపు అవుతుంది. ఏసీ బాగుంటుంది, వాష్‌రూమ్ ఫర్వాలేదు, లిఫ్ట్ లేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లే ముందు ఆలోచించుకోండి.

యాప్‌లో తెప్పించుకుందాం అనుకునే లో-కార్బ్ వాళ్లకి నా సలహా, వద్దు. 'కుకింగ్ ఇన్‌స్ట్రక్షన్స్' అనే డబ్బాలో మీరు ఎంత రాసినా ఆ చీటీ ప్యాకింగ్ దగ్గర అతికించడానికే పనికొస్తోంది, పొయ్యి దాకా పోవడం లేదు. క్యాబేజీ వంటకం డబ్బాలో మూతపడి ఇంటికొచ్చేసరికి నీళ్లు కారి ఉంటుంది కూడా. పార్సిల్‌కి నేను ధైర్యంగా తెప్పించుకునేది లెమన్ కొరియాండర్ సూపు ఒక్కటే. పచ్చిమిర్చి వెనిగర్ ప్యాకెట్ రెండు ఎక్కువ వేయమని ఫోన్ చేసి చెప్పండి, రాస్తే మాత్రం వేయరు.